ఇళ్ళ స్థలాల ధరలు: అవసరమెంత? ఆశ ఎంత?

విజయనగరం నుంచి భోగాపురం వైపు గానీ, శ్రీకాకుళం నుంచి రణస్థలం మీదుగా విశాఖపట్నం వైపు గానీ ప్రయాణించేవారికి ఒక దృశ్యం పదేపదే ఎదురవుతుంది. ఒకప్పుడు జీడిమామిడి, కొబ్బరి, సరుగుడు తోటలుండిన నేలలో హద్దురాళ్ళు పాతి ఉంటాయి. ఎర్రమట్టి రోడ్లు, ఎత్తయిన ముఖద్వారాలు, రంగురంగుల జెండాలు కనిపిస్తాయి. ప్లాట్లన్నీ అమ్ముడుపోయాయని చెబుతారు. కాని కాపురముండే ఇళ్ళను మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

ఇక్కడ ఒక ప్రశ్న ఉదయిస్తున్నది. మనుషులు నివసించని స్థలానికి ఏటేటా ధర ఎందుకు పెరుగుతున్నది? ఆ పెరుగుదల వెనుక నిజమైన అవసరమున్నదా? లేక రేపు మరొకడు ఇంతకన్నా ఎక్కువకు కొంటాడన్న ఆశ మాత్రమే ఉన్నదా?

ఇది ఆర్థికశాస్త్రవేత్తలు తేల్చుకోవలసిన విషయమని పక్కకు నెట్టివేయటానికి వీలులేదు. గల్ఫ్ దేశాల్లో ఏళ్ళతరబడి ఎండలో కష్టపడి కూడబెట్టిన సొమ్ము, అమ్మాయి పెళ్ళికని దాచిన నగల విలువ, ఉద్యోగ విరమణ నాడు చేతికందిన మొత్తం – ఇవన్నీ ఈ హద్దురాళ్ళ మధ్యకే వచ్చి చేరుతున్నాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ముస్లిములు జనాభాలో నూటికి ఒకరికన్నా తక్కువ. గోల్కొండ ఫౌజుదారు షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో శ్రీకాకుళంలో జామియా మసీదు కట్టించిన నాటి నుంచి ఈ కుటుంబాలు ఎక్కువగా పట్టణాలలో, మసీదుకు నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఒదిగి బ్రతుకుతున్నాయి. పట్టణంలో స్థలం ధర పెరిగితే కొత్తగా కాపురం పెట్టే యువకుడు ఆ మసీదుకూ, తన వారికీ దూరమవుతాడు. కాబట్టి ధర న్యాయమైనదా కాదా అన్నది ధర్మానికి కూడా సంబంధించిన ప్రశ్న.

ధర పెరుగుదల రెండు రకాలు

మహాప్రవక్త (స) కాలంలో ఒకసారి మదీనాలో ధరలు పెరిగాయి. ధరలు నిర్ణయించవలసిందని ప్రజలు ఆయనను అర్థించారు. ఆయన అందుకు సమ్మతించలేదు. ధరలను హెచ్చించేవాడూ తగ్గించేవాడూ అల్లాహ్‌యేననీ, ఎవరి ధనం విషయంలోనూ, ప్రాణం విషయంలోనూ తన మీద అన్యాయపు ఆరోపణ లేకుండా తన ప్రభువును కలుసుకోగోరుతున్నాననీ చెప్పారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన హదీసు సారాంశమిది.

దీన్నిబట్టి ధర ఎంత పెరిగినా ఎవరూ ప్రశ్నించరాదని కొందరు అర్థం చేసుకొన్నారు. ఇమామ్ ఇబ్ను తైమియా (1263–1328) ఈ భావాన్ని సరిదిద్దారు. ప్రజలు సవ్యమైన రీతిలో, ఎవరికీ అన్యాయం చేయకుండా తమ సరుకు అమ్ముకొంటూ ఉండగా, వస్తువు కొరత వల్లనో కొనేవారి సంఖ్య పెరగటం వల్లనో ధర పెరిగితే అది దైవాధీనమైన పెరుగుదల. అప్పుడు అమ్మేవారిని నిర్బంధించటం అన్యాయం. కాని మనుషులు సరుకును దాచిపెట్టి, కూడబలుక్కొని, మోసంతో పెంచిన ధర అటువంటిది కాదు. దాన్ని అరికట్టటం అవసరమే. ‘హిస్బా’ను గురించి ఆయన వ్రాసిన గ్రంథంలో ఈ వివేచన కనిపిస్తుంది.

నేటి ఆర్థికశాస్త్రం మాట్లాడే తీరు కూడా దాదాపు ఇదే. జనాభా, ఆదాయం, ఉద్యోగాలు, రోడ్లు, నీరు – వీటివల్ల వచ్చే విలువను మూలాధార విలువ అంటారు. ఆ ఆధారాన్ని వదిలి, ధర పెరుగుతున్నది కాబట్టి కొనాలి, కొంటున్నారు కాబట్టి ధర పెరగాలి అన్న చక్రంలో పైకి పోయేదాన్ని నీటిబుడగతో పోలుస్తారు. ఉత్తరాంధ్ర స్థలాలను ఈ రెండు తూకాలలోనూ వేసి చూడవలసి ఉన్నది.

కొట్టివేయలేని కారణాలు

ముందుగా ధర పెరుగుదలకు అనుకూలమైన వాదనను న్యాయంగా వినాలి. ఇక్కడి పెరుగుదలకు బలమైన ఆధారాలే ఉన్నాయి.

విశాఖపట్నం ఒకవైపు సముద్రం, మరోవైపు కొండల మధ్య ఇరుక్కొన్న నగరం. మిగిలిన నేలలో పెద్ద భాగం ఓడరేవు, ఉక్కు కర్మాగారం, నౌకాదళం, దేవస్థానం భూముల కింద ఉన్నది. కాబట్టి నగరం పెరగాలంటే మధురవాడ, ఆనందపురం మీదుగా ఉత్తరంగా, అంటే విజయనగరం జిల్లావైపు సాగక తప్పదు. నరసన్నపేట నుంచి రణస్థలం మీదుగా ఆనందపురం వరకు జాతీయ రహదారి ఆరు వరుసలుగా విస్తరించటంతో ఆ దూరం మరింత తగ్గింది.

రెండవది భోగాపురం విమానాశ్రయం. విశాఖపట్నంలో పౌర విమానాలు నౌకాదళ స్థావరంలోనే దిగవలసి వచ్చేది. అందుకు ప్రత్యామ్నాయంగా సుమారు 45 కిలోమీటర్ల దూరంలోని భోగాపురాన్ని ఎంపిక చేశారు. 2015లో ఐదువేల ఎకరాలకు పైగా సేకరించాలని తలపెట్టగా రైతులు ఆందోళనకు దిగారు. క్రమంగా అది తగ్గి, చివరకు సుమారు 2,200 ఎకరాల వద్ద నిలిచింది. 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో మరొకసారి శంకుస్థాపన జరిగింది. మొదటి దశలో ఏటా 60 లక్షల మంది ప్రయాణికులకు సరిపడేలా కట్టటం మొదలుపెట్టిన ఈ విమానాశ్రయంలో 2026 జనవరి 4న పరీక్షార్థం తొలి విమానం దిగింది. కాగితం మీది ప్రకటన కాంక్రీటు దారిగా మారిందన్నది ఎవరూ కాదనలేని విషయం.

మూడవది విద్య, వైద్యం, ఉపాధి. శ్రీకాకుళం పక్కన ఎచ్చెర్లలో 2008లో అంబేద్కర్ విశ్వవిద్యాలయం, 2016లో ట్రిపుల్ ఐటీ వచ్చాయి. విజయనగరంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలయింది. పైడిభీమవరంలో మందుల కర్మాగారాలున్నాయి. మూలపేటలో ఓడరేవుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. విద్యార్థులు, ఉద్యోగులు, రోగుల బంధువులు ఉన్నచోట అద్దెలు పెరుగుతాయి. అద్దె పెరిగితే ఇంటి ధర పెరగటంలో వింతలేదు.

ఇంతవరకు జరిగిన పెరుగుదల ఇబ్ను తైమియా చెప్పిన మొదటి రకానికి చెందుతుంది. కోరుకొనేవారు ఎక్కువై, చోటు తక్కువై పెరిగిన ధర అది. దాన్ని నిందించటానికి వీలులేదు.

లెక్క తేలని చోటు

అయితే పై కారణాలన్నీ కలిసినా పెరిగిన ధర మొత్తాన్ని మోయలేకపోతున్నాయి. దీనికి మొదటి సాక్ష్యం జనాభా లెక్కలే.

2001లో విజయనగరం జిల్లా జనాభా 22,49,254. 2011లో 23,44,474. అంటే పదేళ్ళలో నూటికి 4.23 మాత్రమే పెరిగింది. శ్రీకాకుళం జిల్లాలో ఈ పెరుగుదల నూటికి 6.52. అదే కాలంలో దేశ జనాభా నూటికి 17కు పైగా పెరిగింది. కారణం అందరికీ తెలిసిందే. ఈ జిల్లాల మనుషులు బ్రతుకుతెరువు కోసం విశాఖపట్నానికీ, హైదరాబాదుకూ, చెన్నైకీ వలసపోతారు. సిక్కోలు మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా పోయి పడవలెక్కుతారు. మనుషులు వెళ్ళిపోతున్న నేలలో ఇళ్ళ స్థలాలకు గిరాకీ పెరగటం విచిత్రమే.

ఒక చిన్న లెక్క ఈ విచిత్రాన్ని మరింత స్పష్టం చేస్తుంది. ఎకరానికి 4,840 గజాలు. రోడ్లకూ, ఖాళీ జాగాకూ పోగా నూటికి 55 వంతులు ప్లాట్లకు మిగులుతాయనుకొంటే సుమారు 2,660 గజాలు. 200 గజాల చొప్పున 13 ప్లాట్లు. ఒక వెయ్యి ఎకరాల తోటలు ప్లాట్లుగా మారాయనుకొంటే 13,000 ప్లాట్లు సిద్ధమవుతాయి. ప్లాటుకొక ఇల్లు, ఇంటికి నలుగురు చొప్పున 52,000 మంది కావాలి. 2011కు ముందు పదేళ్ళలో విజయనగరం జిల్లా మొత్తం మీద పెరిగిన జనం 95,220. అంటే ఆ ఒక్క వెయ్యి ఎకరాలే జిల్లా పదేళ్ళ పెరుగుదలలో సగానికి మించి మింగివేస్తాయి. విశాఖపట్నంలా ఇక్కడి నేల కొండలకూ సముద్రానికీ మధ్య చిక్కుకొని లేదు. భోగాపురం నుంచి రణస్థలం దాకా చదునైన నేల విస్తారంగా ఉన్నది. కాబట్టి “స్థలం దొరకదు, ఇప్పుడే కొనండి” అన్న ప్రచారంలో పసలేదు.

రెండవ సాక్ష్యం అద్దె. ఇంటి ధర న్యాయమైనదా కాదా తేల్చటానికి అద్దె మంచి గీటురాయి. ఎందుకంటే అద్దె ఇచ్చేవాడు రేపటి ఆశకు డబ్బివ్వడు, ఈ నెల తలదాచుకొనే నీడకే ఇస్తాడు. ఉదాహరణకు 50 లక్షలకు కొన్న ఇంటికి నెలకు 12 వేలు అద్దె వస్తుందనుకొందాం. ఏడాదికి 1,44,000. ఇంటి ధర దాదాపు 35 ఏళ్ళ అద్దెకు సమానం. పాతికేళ్ళ కింద అదే పట్టణంలో అలాంటి ఇల్లు పదిహేనేళ్ళ అద్దెకు దొరికి ఉంటే, మిగిలిన ఇరవై ఏళ్ళ అద్దె దేనికి చెల్లిస్తున్నట్లు? రాబోయే పెరుగుదలకు ముందుగా చెల్లిస్తున్నట్లు. తన పట్టణంలో ఇటువంటి లెక్క ఎవరైనా ఒక సాయంత్రం కూర్చొని వేసుకోవచ్చు.

ఇక ఖాళీ ప్లాటు సంగతి. దానికి అద్దె రాదు. పంట రాదు. తోటగా ఉన్ననాడు వచ్చిన జీడిపప్పు, కొబ్బరికాయ కూడా రావు. సమీపంలో ఇళ్ళు లేచి, నీరు, దీపం వచ్చి, మనుషులు చేరేదాకా దాని ధర అంతా ఆశతోనే కట్టి ఉంటుంది. ఆ ఆశ ఫలించవచ్చు, ఫలించకపోవచ్చు. కాని దాన్ని ఆశ అని గుర్తించటం వివేకం.

ప్రకటన వెంట పరుగెత్తే ధర

ధర ఆశను అనుసరిస్తున్నదనటానికి ఆంధ్రప్రదేశ్‌లోనే ఒక పరీక్ష జరిగిపోయింది. 2014లో విజయవాడ – గుంటూరు ప్రాంతంలో రాజధాని అనగానే అక్కడి పొలాల ధరలు ఆకాశానికెక్కాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట శాసనసభలో వినపడగానే అమరావతి ధరలు కూలిపోయి, విశాఖపట్నం నుంచి భోగాపురం దాకా లేచాయి. 2021 నవంబరులో ఆ చట్టాలు వెనక్కి తీసుకొన్నారు. 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు వచ్చింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారి అమరావతి పనులు తిరిగి ప్రారంభమయ్యాయి. ఈ పదేళ్ళలో అమరావతి నేల తరగలేదు, విశాఖ నేల పెరగలేదు. మారింది ప్రకటన మాత్రమే. ఒక్క ప్రకటనతో పెరిగి మరొక్క ప్రకటనతో పడిపోయే భాగం ఎంతో, ధరలో గాలి అంత.

ఆరువందల ఏళ్ళ కిందటే ఇబ్ను ఖల్దూన్ (1332–1406) ఈ సంగతి గమనించటం ఆశ్చర్యకరం. తన ‘ముఖద్దిమా’లో నగరాలలోని స్థిరాస్తులను గురించి ఒక అధ్యాయం వ్రాశారు. ఒక రాజ్యం అంతరించి మరొకటి తలయెత్తే సమయంలో రక్షణ సన్నగిల్లి ఆస్తుల ధరలు పడిపోతాయనీ, అప్పుడు చవుకగా అవి కొందరి చేతుల్లోకి పోతాయనీ, కొత్త రాజ్యం స్థిరపడి నగరం మళ్ళీ యౌవనం పొందగానే వాటి విలువ పెరుగుతుందనీ వివరించారు. అలా సంపన్నుడైనవాడు తన కష్టంవల్ల కాక, బజారు మార్పులవల్ల సంపన్నుడయ్యాడని కూడా ఆయన భావం.

ప్రపంచంలో ఇతర చోట్ల జరిగిందీ ఇదే. జపాను పెద్ద నగరాలలో భూమి ధర ఎన్నడూ తగ్గదని అందరూ నమ్మారు. 1991 తరువాత అది పదిహేనేళ్ళపాటు పడుతూనే వచ్చింది. ఉత్తరాంధ్ర కుటుంబాలకు పరిచయమున్న దుబాయిలో ఇంకా కట్టని ఇళ్ళ కాగితాలు చేతులు మారుతూ పోయాయి. 2008 చివరలో అప్పు పుట్టటం ఆగిపోగానే ధరలు ఏడాదిలో దాదాపు సగానికి దిగాయి. అక్కడ నిజమైన ఓడరేవు ఉన్నది, నిజమైన విమానాశ్రయం ఉన్నది. అవి నిజమైనంత మాత్రాన ధర నిజమైనది కాలేదు.

అప్పు ప్రస్తావన వచ్చింది కాబట్టి మరొక మాట. రిజర్వు బ్యాంకు 2020 మే నుంచి 2022 మే దాకా తన వడ్డీరేటును నూటికి 4 దగ్గర ఉంచింది. చవుకగా అప్పు దొరికినప్పుడు కొనేవారి చేతిలో లేని డబ్బు కూడా బజారులోకి వచ్చి ధరను ఎగదోస్తుంది. వడ్డీని అల్లాహ్ నిషేధించాడని దానికి దూరంగా ఉండి, చేతిలోని రొక్కంతోనే ఇల్లు కొనదలచినవాడు ఈ అప్పు డబ్బుతో పోటీపడవలసి వస్తుంది. వడ్డీ హాని అప్పు తీసుకొన్నవానితో ఆగదనటానికి ఇదొక నిదర్శనం.

షరీఅత్ ఎక్కడ వేలు పెట్టింది?

మహాప్రవక్త (స) ధర నిర్ణయించలేదు. కాని ధరను కృత్రిమంగా పెంచే దారులను ఒక్కొక్కటిగా మూసివేశారు. నేటి స్థలాల బజారును ఆ దారుల వెలుగులో పరిశీలించటం అవసరం.

మొదటిది, తన వద్ద లేనిదాన్ని అమ్మటం. హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) అడిగినప్పుడు దైవప్రవక్త (స) దీన్ని వారించారు. నేడు కొద్దిపాటి బయానా ఇచ్చి రైతుతో అగ్రిమెంటు వ్రాయించుకొని, రిజిస్ట్రేషను కాకముందే దాన్ని మరొకరికి, అతడు ఇంకొకరికి లాభానికి మార్చుకొంటూ పోవటం మామూలయింది. స్థిరాస్తిని స్వాధీనానికి ముందే అమ్మవచ్చునా అన్న విషయంలో ఫిఖా పండితుల మధ్య భేదాభిప్రాయం ఉన్నది. ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) దాన్ని అనుమతించగా ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) అనుమతించలేదు. అయితే ఆ చర్చ క్రయం పూర్తయి, యాజమాన్యం సంక్రమించిన ఆస్తిని గురించినది. అగ్రిమెంటు కొంటానన్న మాట మాత్రమే గాని, యాజమాన్యం కాదు. దాన్ని చేతులు మార్చి లాభం తీయటం తన వద్ద లేనిదాన్ని అమ్మటమే అవుతుంది.

రెండవది, ‘నజష్’. కొనే ఉద్దేశం లేకుండా ఇతరులను ఊరించటానికి ధర పెంచటం. ఇది నిషిద్ధమని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉన్నది. తమ మనుషులనే కొనుగోలుదారులుగా కూర్చోబెట్టి “నిన్న పది ప్లాట్లు పోయాయి, రేపటి నుంచి గజానికి వెయ్యి ఎక్కువ” అని చెప్పించటం ఈ కోవలోకే వస్తుంది. ప్రజలకు తెలియని ఏ ‘రాబోయే రోడ్డు’నో పటంలో గీసి చూపటం ఇంకా పెద్ద మోసం.

మూడవది, సరుకు తెచ్చేవారికి బజారు చేరకముందే ఎదురుపోయి, అసలు ధర తెలియనీయకుండా చవుకగా కొనటం. మహాప్రవక్త (స) దీన్ని వారించి, బజారుకు చేరి ధర తెలుసుకొన్న అమ్మకందారుకు ఆ బేరాన్ని రద్దు చేసుకొనే హక్కు కూడా ఇచ్చారు. విమానాశ్రయం ఎక్కడ వస్తుందో, రోడ్డు ఎటు పోతుందో ముందుగా తెలుసుకొన్నవారు, ఆ సంగతి తెలియని పల్లె రైతు వద్ద ఎకరాలకు ఎకరాలు కొనివేయటానికీ, నాటి ఎదురుకోలుకూ తేడా ఏమున్నది? నేలను విడిచి పోలిపల్లి, గూడెపువలస పునరావాస కాలనీలకు చేరిన కుటుంబాలు ఎకరం లెక్కన పుచ్చుకొన్న ధరనూ, ఇప్పుడు అదే పరిసరాలలో గజం లెక్కన పలుకుతున్న ధరనూ పోల్చి చూసుకొంటూనే ఉంటాయి.

ఇందుకు భిన్నమైన ఆదర్శం హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి)ది. ఆయన సేవకుడు ఒక గుర్రాన్ని 300 దిర్హములకు బేరమాడి తెచ్చాడు. గుర్రాన్ని చూసిన జరీర్ (రజి) అది అంతకన్నా విలువైనదని యజమానితో చెప్పి, తానే ధర పెంచుకొంటూ పోయి 800 దిర్హములు చెల్లించారు. ప్రతి ముస్లింకూ శ్రేయస్సు కోరుతానని దైవప్రవక్త (స)కు తాను ప్రమాణం చేశానన్నదే ఆయన చెప్పిన కారణం.

నాలుగవది, ‘ఇహ్తికార్’, అంటే ధర పెరిగేదాకా దాచిపెట్టటం. అలా చేసేవాడు పాపి అని సహీహ్ ముస్లింలోని హదీసు తెలుపుతున్నది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) దీన్ని ఆహారధాన్యాలకు పరిమితం చేశారు. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) మాత్రం దాచటంవల్ల ప్రజలకు హాని కలిగే ప్రతి వస్తువుకూ ఇది వర్తిస్తుందన్నారు. నివాసం ఆహారం తరువాత మొదటి అవసరం. ఊళ్ళో అద్దె ఇల్లు దొరకని కుటుంబాలుండగా, పది ప్లాట్లను ముళ్ళకంపలకు వదిలి తలుపు వేసుకొని కూర్చొనేవాడు ఈ రెండవ అభిప్రాయాన్ని తేలికగా తీసుకోలేడు.

హజ్రత్ ఉమర్ (రజి) పాలన ఈ విషయంలో స్పష్టమైన మార్గం చూపింది. బీడుభూమికి హద్దులు పెట్టుకొని మూడేళ్ళలో సాగులోకి తేనివానికి దానిపై హక్కు లేదని ఆయన నిర్ణయించారు. మహాప్రవక్త (స) హజ్రత్ బిలాల్ బిన్ హారిస్ (రజి)కి ఇచ్చిన విశాలమైన అఖీఖ్ భూమిలో సాగుచేయగలిగినంత ఉంచి మిగిలినది తిరిగి తీసుకొని ప్రజలకు పంచారు. ఇది ప్రభుత్వం ఇచ్చిన భూమికీ, బీడుకూ సంబంధించిన తీర్పు. డబ్బిచ్చి కొన్న ఆస్తి హక్కు ఇలా పోదు. అయినా నేల ఉన్నది వాడుకోవటానికే గాని, హద్దులు పెట్టి చూస్తూ కూర్చోవటానికి కాదన్న సూత్రం ఇందులో విశదమవుతున్నది.

ప్లాటుకు జకాత్ ఉన్నదా?

ఈ విషయంలో చాలామందిలో అపోహ ఉన్నది. నేలకు జకాత్ లేదనుకొని ఏళ్ళతరబడి చెల్లించనివారున్నారు. నియమం ఇలా ఉన్నది. తాను నివసించటానికి కొన్న ఇంటికీ స్థలానికీ జకాత్ లేదు. అద్దెకిచ్చిన ఇంటి ధరపై జకాత్ లేదు, దాని రాబడిలో ఏడాదిపాటు నిలిచిన సొమ్ముపై ఉంటుంది. వారసత్వంగా వచ్చిన భూమి దానంతటది వ్యాపార సరుకు కాదు. కాని కొనేటప్పుడే తిరిగి అమ్మి లాభం పొందాలన్న సంకల్పంతో కొన్న ప్లాటు వ్యాపార సరుకే. హనఫీలతో సహా అత్యధిక పండితుల ప్రకారం ఏటా ఆనాటి బజారు ధర కట్టి నూటికి రెండున్నర చెల్లించాలి. ధర పెరుగుదల కోసం దీర్ఘకాలం ఆగి ఉండే వ్యాపారి, అమ్మినప్పుడు ఒక ఏడాదికి చెల్లిస్తే చాలునన్నది మాలికీ పండితుల అభిప్రాయం.

20 లక్షల విలువైన ప్లాటును అమ్మకం కోసం ఉంచుకొన్నవాడు ఏటా 50 వేలు పేదల హక్కుగా వేరు చేయవలసి ఉంటుంది. పదేళ్ళు ధర కదలకపోతే 5 లక్షలు. ఈ లెక్క వేసుకొన్నవాడు ఊరికే ప్లాట్లు పోగుచేయడు. ఇల్లు కట్టి మనుషులను ఉంచుతాడు, లేదా అవసరమున్నవానికి అమ్ముతాడు. ధనం ధనికుల మధ్యనే తిరుగాడరాదన్న దివ్యఖుర్ఆన్ (హషర్ సూరా) ఆశయం ఇలా ఆచరణలోకి వస్తుంది.

కొనేముందు

తలదాచుకోవటానికి ఇల్లు కావలసినవాడు ధర పడిపోయేదాకా ఆగి ఉండాలని దీని అర్థం కాదు. నివసించేవానికి ధర తగ్గినా నీడ తగ్గదు. నష్టపోయేది తిరిగి అమ్మాలని కొన్నవాడు, ముఖ్యంగా ఇతరుల సొమ్ముతో కొన్నవాడు. అయితే ఎవరు కొన్నా కొన్ని విషయాలు విచారించాలి.

500 చదరపు మీటర్లకు, అంటే సుమారు 600 గజాలకు మించిన లే-అవుట్‌ను 2016 నాటి రెరా చట్టం కింద నమోదు చేయించాలి. నమోదు సంఖ్య లేనిది కొనరాదు. అసైన్డు భూముల అమ్మకాన్ని 1977 నాటి చట్టం నియంత్రిస్తున్నది. మన్యం ప్రాంతంలో 1970 నాటి ఒకటవ నిబంధన ప్రకారం గిరిజనేతరులు గిరిజనేతరుల నుంచి కూడా కొనటానికి వీలులేదు. 22-ఎ నిషేధిత జాబితాలో ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూములుంటాయి. సర్వే నంబరు అందులో ఉన్నదేమో చూసుకోవాలి. వక్ఫ్ భూమిని తెలిసి కొన్నవాడు చట్టానికీ, అల్లాహ్‌కూ జవాబు చెప్పుకోవలసి ఉంటుంది. జానెడు నేలను అన్యాయంగా ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూములు చుట్టబడతాయన్న హెచ్చరిక హదీసులో ఉన్నది. అడంగల్, ఈసీ చూడకుండా మధ్యవర్తి మాటమీద బయానా ఇవ్వరాదు. కాగితంలో ఒక ధర వ్రాసి చేతికి మరొక ధర ఇవ్వటం అబద్ధపు సాక్ష్యానికి సమానం.

అన్నిటికన్నా ముఖ్యం, ఖాయమైన లాభం చూపించి పోగుచేసే వాయిదాల పథకాలకు దూరంగా ఉండటం. ప్లాట్లు చూపి సేకరించిన డిపాజిట్లపై అగ్రిగోల్డ్ సంస్థ 2014–15లో చెల్లింపులు నిలిపివేసినప్పుడు లక్షలాది చిన్న కుటుంబాలు వీధినపడ్డాయి. చిన్న మొత్తాలవారికి ప్రభుత్వం 2019లో, 2021లో కొంత చెల్లించింది. మిగిలినవారు ఏళ్ళతరబడి ఎదురుచూశారు.

ఇంతకూ మొదటి ప్రశ్నకు సమాధానమేమిటి? ఉత్తరాంధ్రలో ధర పెరుగుదల అంతా అసత్యం కాదు, అంతా సత్యమూ కాదు. రోడ్డు, విమానాశ్రయం, కళాశాల, కర్మాగారం వల్ల మనుషులు వచ్చి నివసించేచోట పెరిగిన ధరకు పునాది ఉన్నది. అద్దెకు వచ్చేవాడు లేనిచోట, ఇల్లు కట్టే ఉద్దేశం ఎవరికీ లేనిచోట, ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి కాగితం మారటంవల్ల మాత్రమే పెరిగిన ధరకు పునాది లేదు. ఈ రెండింటినీ వేరుచేసి చూపే ప్రశ్న ఒకటే: ఇక్కడ ఎవరు కాపురముంటారు? కొనేవాడూ అమ్మేవాడూ ఈ ప్రశ్న వేసుకొన్ననాడు సగం మోసాలు వాటంతటవే సమసిపోతాయి.

ఎక్కువ పోగుచేయాలన్న పోటీ సమాధులను చేరేదాకా మనుషులను ఏమరుపాటులో ఉంచుతుందని తకాసుర్ సూరా హెచ్చరిస్తున్నది. చివరికి ప్రతి మనిషికీ దక్కే స్థలం కొలత అందరికీ తెలిసినదే. అది దక్కకముందే, ఉన్న స్థలాన్ని నలుగురికీ నీడగా మార్చే సద్బుద్ధిని అల్లాహ్ విశ్వాసులకు ప్రసాదించుగాక! ఆమీన్.